రెండు వేళ్ల ఎడం

పక్షవాతం వచ్చిన పదకొండు నెలల తరువాత నరసింహన్ మొదటినుంచి చివరిదాకా తన చేతులతోనే చేసిన పని ఆ బ్రేకు పైపు. అందుకే నిత్య దాని గురించి నోరు విప్పలేకపోయింది.

నరసింహన్ నిత్యకు చిన్నాయన, తండ్రి తమ్ముడు. అరవయ్యారేళ్లు. కోయంబత్తూరు సింగానల్లూరులో ఒకప్పుడు ఇనుము పోతపోసే కార్ఖానాగా ఉన్న రేకుల షెడ్డులో నలభై ఏళ్లుగా ఇంజిన్లు విప్పి బిగించినవాడు. ఇంట్లోవాళ్లు ఆ షెడ్డును పట్టరై అంటారు. నిత్య బళ్లో చదివే రోజుల నుంచే సాయంత్రం పూట అక్కడికి వచ్చి ఆయన పక్కన నిలబడి పని నేర్చుకుంది. తరువాత ఇంజినీరింగ్ చదివింది. ఇప్పుడు ముప్ఫయ్యేళ్లు. పట్టరై నడుపుతున్నది ఆమే.

షెడ్డు మూలలో టార్పాలిన్ కింద ఒక పాత ఎంజీ బండి ఉండేది. అరవయ్యారులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. వయసులో ఉన్నప్పుడు నరసింహన్ దాన్ని వాల్పారైలో ఒక టీ ఎస్టేట్ మేనేజరు దగ్గర కొని, పదేళ్లపాటు పందాల్లో నడిపాడు. ఆరేళ్ల కిందట దాని ఇంజిన్ క్రాంకు రెండు ముక్కలయింది. అప్పటినుంచీ అది అట్లాగే ఉండిపోయింది.

అందులో జపాన్ రోటరీ ఇంజిన్ పెడదామన్నది నిత్య ఆలోచన. ఆ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు. కోడిగుడ్డు ఆకారపు రెండు గదుల్లో మూడు మూలల రోటర్లు రెండు గిరగిర తిరుగుతాయి. మనిషి ఒడిలో పట్టేంత ఇంజిన్, దానికొక టర్బో. పాత ఇంజిన్ కంటే మూడింతల బలం. చెన్నై హార్బరు నుంచి పెట్టె వచ్చిన రోజున నరసింహన్ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఇది ఇంజినా, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరా అని అడిగాడు. మరుసటి నెలలో ఆయనకు పక్షవాతం వచ్చింది.

ప్రాణం నిలిచింది. మాట వచ్చింది, నడక వచ్చింది. కుడి చేయి మాత్రం పూర్తిగా రాలేదు. భార్య సీతమ్మాళ్ ఇక పట్టరై ముఖం చూడనివ్వనని పట్టుపట్టింది. ఆయన నాలుగు నెలలు హాల్లో కూర్చుని గోడకేసి చూస్తూ గడిపాడు. చివరికి నిత్యే చిన్నమ్మతో మాట్లాడి, తన స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని రోజూ ఉదయం తీసుకురావడం మొదలుపెట్టింది. మొదట్లో ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఊరికే చూసేవాడు. ఇంజిన్ బండిలో దిగే సమయానికి లేచి నిలబడి సలహాలు చెప్పసాగాడు. ఒకరోజు పైపులు వంచే పనిముట్టు ఇటివ్వమని అడిగాడు.

ఆ బండిలో చిక్కంతా కుడివైపే. ఈ ఇంజిన్‌కు కాలిన పొగ బయటికొచ్చేది కుడివైపు నుంచి, కనుక ఆ పొగ బలంతో తిరిగే టర్బో కూడా అక్కడే ఉంటుంది. మన బళ్లలో డ్రైవరు కూర్చునేదీ కుడివైపే. స్టీరింగ్ కడ్డీ, బ్రేకు పైపు, ఎర్రగా కాలే టర్బో మూడూ ఒకే ఇరుకులో సర్దుకోవాలి. పైగా అది ఆ కాలపు బండి. నాలుగు చక్రాల బ్రేకులకూ ఆధారం ఒకే పైపు.

నరసింహన్ ఆ పైపును మూడు రోజులు వంచాడు. కుడి బొటనవేలు మాట వినకపోతే ఎడమచేత్తో పట్టుకుని, మోకాలి మీద ఆనించి, కొంచెం వంచి, పెట్టి చూసి, తీసి, మళ్లీ వంచాడు. మూడో రోజు సాయంత్రం బిగించి, పైపు పొడవునా వేలితో తడిమి చూసుకున్నాడు. వంపుల్లో ఎక్కడా ఒక నొక్కు లేదు. కానీ ఒకచోట టర్బో కడుపుకీ పైపుకీ మధ్య రెండు వేళ్ల ఎడమే ఉంది.

వేడి తగలదా చిన్నాయనా అని నిత్య అడిగింది. అడ్డంగా రేకు పెడతాను కదమ్మా అని ఆయన అన్నాడు. చెప్పినట్టే పెట్టాడు. పైపు విప్పి ఎడమవైపు నుంచి చుట్టు తిప్పి తేవాలని నిత్యకు తెలుసు. చెబితే ఆయన విప్పుతాడు కూడా. విప్పి, చేతులు తుడుచుకుని, వెళ్లి మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఆమె ఆయన ముఖం చూసి ఊరుకుంది. కొలిచి చూసి, ఆ తరువాతే చెబుదామనుకుంది. వేడిని బట్టి గడులు నల్లబడే చిన్న కాగితపు పట్టీ ఒకటి తెచ్చి, ఆయనకు కనిపించకుండా పైపు అడుగున అంటించింది. దాని మీద నూట అరవై, నూట ఎనభై, రెండు వందలు, రెండు వందల ఇరవై డిగ్రీలకు నాలుగు గడులున్నాయి.

ఆ వారంలోనే ఉడుమలైపేట నుంచి కల్యాణసుందరం ఫోన్ చేశాడు. ఆయన నరసింహన్‌తో కలిసి పందాల్లో తిరిగిన స్నేహితుడు. కొబ్బరితోట, నూలు మిల్లు ఉన్నవాడు. కుర్రతనంలో తోట పక్కన మెట్ట పొలంలో రెండు కిలోమీటర్ల ట్రాక్ వేయించాడు. ఇప్పుడు ఆ నేలంతా సోలార్ కంపెనీకి లీజుకిచ్చాడు. సోమవారం నుంచి ట్రాక్ మీద కూడా పలకలు పరుస్తారట. శనివారం వస్తే ఆఖరుసారి నడపొచ్చని చెప్పాడు.

బండి అప్పటికి పట్టరై ముంగిట్లో తప్ప ఎక్కడా కదల్లేదు. నిత్య ఇంకో రెండు వారాలు కావాలంది.

"రెండు వారాలకి ఆ ట్రాక్ యాడుంటాది కన్నూ?" అన్నాడు నరసింహన్. చిన్నప్పటి నుంచీ ఆయన నిత్యను ముద్దుగా అట్లాగే పిలుస్తాడు.

శనివారం ఉదయం ఎనిమిదికల్లా బండిని లారీ మీద నుంచి ట్రాక్‌కు దించారు. ఉడుమలైపేట గాలి అప్పటికే మొదలైంది. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. కల్యాణసుందరం గొడుగు కింద కుర్చీలు వేయించి, సోలార్ కంపెనీ ఇంజినీర్లు ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ట్రాక్ చుట్టూ నడిచి చూసినప్పుడు నిత్యకు ఒక సంగతి కనబడింది. పొడవాటి రోడ్డు చివర ఎడమకు తిరిగే వంపు దాటాక ఒకప్పుడు ఖాళీ నేల ఉండేది. బండి అదుపు తప్పితే అక్కడికి పోయి నిలిచేది. ఇప్పుడు అక్కడ వరసలు వరసలుగా ఇనుప స్తంభాలు నాటి ఉన్నాయి.

నరసింహన్ హెల్మెట్ పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నిత్య పక్క సీట్లో బెల్టు బిగించుకుని ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకుంది. దాని తీగ ఇంజిన్‌కు కలిపి ఉంది. ఈ ఇంజిన్‌కు పెట్రోలు ఒక్క క్షణం తగ్గినా రోటరు మూలల్లో ఉండే సన్నటి పలకలు విరిగిపోతాయి. అందుకని ఆమె చూపంతా తెర మీది అంకెల మీదే ఉండాలి.

మొదటి మూడు రౌండ్లు నిదానంగానే నడిపారు. ఇంజిన్ తేనెటీగల తుట్టెలా ఒకే శ్రుతిలో మోగింది. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. నరసింహన్‌కు ఒకటే నచ్చలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే పాత ఇంజిన్ బండిని పట్టి ఆపేది, ఇది పట్టుకోకుండా జారుకుంటూ పోతోంది, భారమంతా బ్రేకు మీదే పడుతోందని అన్నాడు. మూడో రౌండు చివర బ్రేకు పెడల్ కొంచెం లోతుగా పోయిందని కూడా అన్నాడు.

బండిని నిలిపి బానెట్ ఎత్తారు. పగటి వెలుతురులోనే టర్బో మసక ఎరుపులో కనిపించింది. ఆయన కాఫీ కోసం గొడుగు కిందికి వెళ్లాక నిత్య వంగి, ఫోన్‌ను పైపు కిందికి పోనిచ్చి ఫోటో తీసింది. మూడు గడులు నల్లబడ్డాయి. రెండు వందల ఇరవై గడి మాత్రం ఇంకా తెల్లగా ఉంది.

ఆమె లెక్క వేసుకుంది. బ్రేకు ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరి బ్రేకు పట్టదు. కొత్త ఆయిల్ రెండు వందల ముప్ఫై దాకా మరగదు. ఇంకా కొంచెం జాగా ఉంది. కానీ ఇది నిదానంగా నడిపితే వచ్చిన వేడి. అది కూడా ఆమెకు తెలుసు.

పది నిమిషాల తరువాత నరసింహన్ వచ్చి పెడల్ నొక్కి చూశాడు. రాయిలా గట్టిగా ఉంది. పైపులో గాలి కొంచెం ఉండి ఉంటుంది, అదే సర్దుకుంది అన్నాడు. అవతల కల్యాణసుందరం ఎనభై నాలుగులో ఈ మనిషి అదిగో ఆ వంపును ఎట్లా కోసేవాడో సోలార్ ఇంజినీర్లకు తమిళంలో చెబుతున్నాడు. వాళ్లు తలలు తిప్పి నరసింహన్‌ను చూశారు. ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఆ ముఖాన్ని నిత్య చాలా కాలం తరువాత చూస్తోంది.

"ఇంకా కొంచెం ఆరనిద్దాం చిన్నాయనా," అంది.

"ఐదు రౌండ్లే. మెల్లగానే పోతాను."

ఫోన్ ఆమె జేబులోనే ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. ఆమె తీయలేదు. పక్కసీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది.

ఆయన మెల్లగా పోలేదు. మొదటి రౌండులోనే గేర్లు పైదాకా లాగాడు. రెండో రౌండులో టర్బో పూర్తిగా అందుకుంది. వెన్ను సీటుకు అతుక్కుపోతుంటే నిత్య ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. పెట్రోలు సరిగ్గా అందుతోంది. నీళ్ల వేడి బాగానే ఉంది. బ్రేకు పైపు ఎంత వేడెక్కిందో చూపే అంకె ఆ తెర మీద లేదు. చెప్పాలి, ఈ రౌండు అయ్యాక ఆపించి చెప్పాలి అనుకుంది. మూడో రౌండులో పొడవాటి రోడ్డు మొదలైంది. మూడో గేరు, నాలుగో గేరు. ముల్లు నూట అరవై దాటి నూట డెబ్భైకి చేరుకుంటోంది.

వంపుకు మూడు వందల అడుగుల ముందు వేసిన తెల్లగీత దగ్గర ఆయన బ్రేకు తొక్కాలి. ఆ రోజు ఎందుకో చాలా ముందే తొక్కాడు. బండి ముందుభాగం కిందికి వంగలేదు, వేగం తగ్గలేదు. ఆమె తల ఎత్తింది. ఆయన కాలు మళ్లీ లేచి మళ్లీ పడింది. పెడల్ నేలకు తగిలిన చప్పుడు ఆమెకు వినబడింది.

"బ్రేకు లేదు," అన్నాడాయన. గొంతు పెరగలేదు. "ఆ పెట్టె కిందేసెయ్. హ్యాండ్‌బ్రేకు పట్టుకో."

ల్యాప్‌టాప్ కాళ్ల మధ్య పడింది. నిత్య కుడి చేత్తో హ్యాండ్‌బ్రేకు పట్టుకుంది. అది పైపుతో పనిచేసేది కాదు, తీగతో వెనక చక్రాలను మాత్రమే పట్టుకునేది. ఎదురుగా వంపు, దాని వెనక ఇనుప స్తంభాలు పెద్దవవుతూ వస్తున్నాయి.

"మెల్లగా లాగు. గట్టిగా లాగితే తిరిగిపోతాం. లాగు, ఒదులు. లాగు, ఒదులు."

ఆమె లాగింది, వదిలింది. వెనక చక్రాలు కీచుమన్నాయి. ఆయన మూడో గేరుకు దించాడు. ఇంజిన్ కేకపెట్టింది, హెచ్చరిక గంట మోగింది, బండి మాత్రం కొద్దిగానే తగ్గింది. నూట నలభై. రెండో గేరుకు దించాడు. నూట పది. వంపు తిరగడానికి అది ఇంకా చాలా ఎక్కువ.

"వంపు దాకా పోము. ఎడమకి చోళం చేలోకి దించుతాను. గట్టు కనబడగానే పూర్తిగా లాగెయ్."

ట్రాక్ లోపలివైపు జొన్న కోసేసిన చేను ఉంది. ఆయన స్టీరింగ్‌ను ఎడమకు తిప్పాడు. చక్రాలు తారు దిగి మెత్తటి మట్టిలో పడగానే బండి ఎగిరిపడింది. స్టీరింగ్ విదిలించిన విసురుకు ఆయన కుడి చేయి జారి గాలిలోకి లేచింది. నిత్య అది చూసింది. ఆయన ఎడమచేయి మాత్రం వదల్లేదు. జొన్న మోళ్లు బండి అడుగున దడదడ కొట్టుకున్నాయి. దుమ్ము అద్దాన్ని కప్పేసింది. దుమ్ములోంచి గట్టు కనిపించగానే ఆమె హ్యాండ్‌బ్రేకును బలమంతా పెట్టి లాగింది.

బండి గిర్రున తిరిగింది. ఆకాశం, తోట, స్తంభాలు ఒకదాని వెంట ఒకటి అద్దం ముందు నుంచి జరిగిపోయాయి. వెనక చక్రం గట్టును కొట్టి విరిగిన చప్పుడు వినిపించింది. నిత్య ఎడమచేయి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. అంతే, ఇక ఏదీ కదల్లేదు.

ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ వస్తోంది. నిత్య కుడి చేత్తో పెట్రోలు పంపు స్విచ్చి ఆపింది. ఇంజిన్ ఆగిపోయాక గాలి చప్పుడు, దూరంగా పరుగెత్తుకొస్తున్న మనుషుల కేకలు వినిపించాయి.

"నీకేమయింది?" అన్నాడు నరసింహన్.

"మణికట్టు. మీకి?"

"ఏమీ కాలేదు." ఆయన తన కుడి చేతిని ఒడిలోకి తీసుకుని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

కల్యాణసుందరం మనుషులు మంట ఆర్పే సిలిండర్ తెచ్చారు గానీ దాని అవసరం రాలేదు. టర్బో మీద నూనె చుక్కలు పడి పొగ లేచిందంతే. ఉడుమలైపేట ఆసుపత్రిలో నిత్య మణికట్టుకు కట్టు కట్టారు. చిన్న ఎముక ఒకటి చిట్లిందట. నరసింహన్‌కు బీపీ చూసి, గంటసేపు పడుకోబెట్టారు. కల్యాణసుందరం ఇద్దరికీ టిఫిన్ తెప్పించడానికి బయటికి వెళ్లాడు. సీతమ్మాళ్‌కు ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.

నిత్య మంచం పక్కన స్టూల్ మీద కూర్చుని ఫోన్ తీసి, ఆ ఫోటో తెరిచి ఆయన ముందు పెట్టింది. ఏమిటన్నట్టు ఆయన కళ్లు చిట్లించి చూశాడు.

"పైపు కింద అంటించినాను. మొదటి మూడు రౌండ్లకే రెండు వందలు దాటింది. మళ్లీ బయల్దేరేదానికి ముందరే చూసినాను, చిన్నాయనా. చెప్పలేదు."

ఆయన నల్లబడ్డ గడులను ఒక్కొక్కటిగా చూశాడు.

"ఏల చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

పక్క మంచం మీద ఎవరో దగ్గారు. నర్సు వచ్చి పోయింది. నరసింహన్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కోపం వచ్చిందనుకుని ఆమె కాచుకుని ఉంది. తిడితే బాగుండుననిపించింది.

"రెండు వందలకి కొత్త ఆయిల్ మరగదు కదా," అన్నాడు చివరికి, గోడనే చూస్తూ.

"మరగదు. అదే నాకీ అర్థం కాలేదు."

"నేను పోసింది కొత్తది కాదు. అల్మరాలో మూత తీసి పెట్టిన డబ్బా ఉండె. వానల్లోనించి అట్లనే ఉండాది. కొత్త డబ్బా సీలు ఈ చేత్తో తీయలేకపోయినాను. నిన్ను అడిగుండొచ్చు." తన వేళ్లు చూసుకున్నాడు. "అడగలేదు."

తెరిచి ఉంచిన బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అట్లాంటిది నూట అరవైకే మరుగుతుంది. పట్టరైలో చేరిన వాళ్లకు మొదటి వారంలో ఆయనే నేర్పే పాఠం అది. నిత్య ఫోన్ తీసి జేబులో పెట్టుకుంది. తను దాచింది ఒకటి, ఆయన దాచింది ఒకటి. ఏ ఒక్కటి బయటపెట్టినా ఆ రౌండ్లు జరిగేవి కావు.

"ఇంకొకటి ఉండాది," అన్నాడాయన ఆమెవైపు తిరిగి. "చేలోకి దిగినప్పుడు నా కుడి చేయి ఒదిలేసింది. నువ్వు చూసినావు."

లేదనడానికి ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోటిని మూసుకుని, చూసినానని తల ఊపింది.

"సరే," అన్నాడు. "అట్ల చెప్పు."

సీతమ్మాళ్‌కు ఫోన్ చేసింది ఆయనే. ఏదీ తగ్గించకుండా, బ్రేకు పోయింది మొదలుకొని తన చేయి జారిందాకా అన్నీ చెప్పాడు. అంతా విని, ఇద్దరూ తిన్నారా అని అడిగి, మిగతాది ఇంటికి వచ్చాక మాట్లాడతానందామె. మాట్లాడింది కూడా. నెల రోజులు ఆయనను గడప దాటనివ్వలేదు. నిత్య ఆ ఇంటికి పోయినప్పుడు కాఫీ ఇచ్చింది గానీ ముఖం చూసి మాట్లాడలేదు. నిత్య ఆ కాఫీ తాగి వచ్చేది.

నెల గడిచాక నిత్య మళ్లీ అడిగింది. బండి పని తన ఒక్కదానితో కావడం లేదని, కట్టు ఇప్పుడే విప్పారని, పైపు వంచడం తనకు ఆయనంత బాగా రాదని చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు. చెప్పుల్లో కాళ్లు పెడుతున్న భర్తను చూస్తూ సీతమ్మాళ్ బండి ఎవరు నడుపుతారని అడిగింది.

"నిత్య," అన్నాడు నరసింహన్.

ఆ మాట నిత్యకూ అప్పుడే తెలిసింది.

వెనక యాక్సిల్ మార్చడానికి, గట్టు తగిలి వంగిన చట్రం సరిచేయడానికి మూడు నెలలు పట్టింది. బ్రేకులను రెండు భాగాలు చేశారు. ముందు చక్రాలకు ఒక పైపు, వెనక చక్రాలకు ఒకటి. రెండింటినీ టర్బోకు దూరంగా ఎడమవైపు నుంచి తిప్పారు. నరసింహన్ వంచిన మొదటి పైపులో ఒక మలుపు స్టీరింగ్ కడ్డీకి దగ్గరగా వచ్చింది. నిత్య వెంటనే ఇది రాసుకుంటుంది చిన్నాయనా, మళ్లీ చేయాలని చెప్పింది. ఆయన పైపు విప్పి, వెలుతురులోకి తీసుకుపోయి చూసి, కసురుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. మరుసటి ఉదయం స్కూటర్ దిగుతూనే కొత్త పైపు ముక్క కోయమన్నాడు.

జనవరిలో కోయంబత్తూరు ట్రాక్‌లో ఒక ఉదయం రెండు గంటలు బాడుగకు తీసుకున్నారు. నిత్య స్టీరింగ్ ముందు కూర్చుంది. అంతకు ముందు పది రోజులు ఆమె నరసింహన్‌కు తెర మీది అంకెలు చదవడం నేర్పింది. ఆయనకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. ఏ అంకె ఎంత దాటకూడదో ఒక చీటీ మీద తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌ను ఎడమచేత్తో ఒడిలో పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

బ్రేకును మూడుసార్లు నొక్కి చూశాక నిత్య బయల్దేరింది. మొదటి రౌండంతా ఆయన అంకెలు పైకి చదువుతూనే ఉన్నాడు. రెండో రౌండు సగంలో, పొడవాటి రోడ్డు మీద ఆమె నాలుగో గేరు వేయబోతుండగా చదవడం ఆపాడు.

"నూనె వేడి నూట పదిహేను. నూట పదే కదా నువ్వు చెప్పింది," అన్నాడు. "ఆపు కన్నూ. చూసి పోతాం."

నిత్య యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బండిని, బళ్లు నిలిపే లోపలి దారిలోకి తిప్పింది.